అరగంట యాటగాండ్రము

ఈ సంవత్సరపు సంచికకు ఆటలను గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు మాకు కబురు పంపిరి. వారి మనస్సులో నున్నది మన పాఠశాల మైదానమందలి బంతియాటయు, కబాడియు, పరుగుపందెములు నని మేమెఱుగకపోలేదు. ఆ విషయమున మాకు చెప్పుకొనదగిన కీర్తి లేదు. మేమీ బడిలో చదువుకొన్న దినములలో కబాడి జట్లు పంచుకొనునపుడు కడపట మిగిలెడివారిలో మేమొకరము; క్రీడోపాధ్యాయులు జాలిపడి మమ్ము సున్నపుగీతలు గీయుటకు నియోగించెడివారు. కావున మేమెఱిగిన యాటలను గూర్చియే వ్రాయుదుము. అవి సెల్‌ఫోను తెఱమీద ఆడెడి యాటలు. పెద్దలు కినియకుందురుగాక. వానిని ఆకసమున కెత్తుటకు గాని, తూలనాడుటకు గాని మేము పూనుకొనలేదు. మాకు వానిమీద ప్రేమ కలదు, కోపమును కలదు. ఆ రెండును ఎచ్చటనుండి వచ్చినవో చెప్పుకొనుటయే మా పని.

మొదట మేమెట్టి యాటగాండ్రమో మనవిచేయుట యుక్తము. రేయింబవళ్లు ఆడి పోటీలలో బహుమానములు గైకొనెడి నేర్పరులము కాము. ఫోను చేతబట్టిన పిల్లవాడెల్ల చెడిపోయెనని తలంచెడివారమును కాము. రాత్రి భోజనమైన పిదప అరుగుమీద మంచము వాల్చుకొని, అరగంటసేపు ఆడి, గెలిచినచో కొంచెము సంతోషించి, ఓడినచో తలగడ సరిచేసికొని నిద్రించువారము. ఇట్టివారికి ఇంగ్లీషున క్యాజువల్ గేమర్లని పేరు. మేము మాత్రము అరగంట యాటగాండ్రమని పిలుచుకొనుచున్నాము. ఆటలను తయారుచేయువారు ఈ అరగంటను మన్నించిన కాలమొకటి యుండెను.

మా యింటికి మొదటి సెల్‌ఫోను 2004లో వచ్చెను. అది నోకియా 1100 రకము. నెత్తిన చిన్నదీపము గలది. ఆ దీపము కొఱకే మా తండ్రిగారు దానిని కొనిరని ఇప్పటికిని మా నమ్మకము. ఏలననగా, ఆ దినములలో రావికమతమున ఫోనులో మాటలాడవలెనన్న మేము డాబా మీదికెక్కి అనకాపల్లి దిక్కునకు తిరిగి నిలువవలసియుండెను. కాని చీకటిలో చెఱకుతోటకు పోవునపుడు దీపమెన్నడును మోసము చేయలేదు. ఆ ఫోనులో పాము ఆట యొకటి యుండెను. పాము నడచును, మేత తినును, తిన్నకొలది పొడవగును, కడకు తన దేహమునే తాను కఱచుకొని చచ్చును. అంతే. ఫిన్లండు దేశస్థుడైన తానెలి అర్మాంటో అను నతడు నోకియావారి 6110 అను ఫోను కొఱకు 1997లో ఈ యాటను సిద్ధపఱచెను. దానిని నేర్చుటకు గురువక్కఱలేదు. ఆడుటకు డేటా అక్కఱలేదు. నడుమ నెవ్వరును వచ్చి సరకులమ్మలేదు. మా తండ్రిగారు చేనికి బయలుదేరుచు ఫోను జేబులో వేసికొన్న క్షణమున ఆట సమాప్తము. మఱునాడు మొదటినుండి ఆరంభము. నిన్న రాలేదేమని పాము మమ్మడుగలేదు.

అంతకు పూర్వమున్న యాటలును ఈ జాతివే. మా యూరి రచ్చబండ రాతిమీద పులిజూదపు గీతలు చెక్కియుండెడివి. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి తినవలెను. మేకలు గుమిగూడి పులిని కదలనీయక కట్టివేయవలెను. పులులు కడుపునిండ తిన్నను తీరును, మేకలు పులులను మూడింటిని కట్టినను తీరును. వామనగుంటలలో చింతపిక్కలన్నియు ఒకరి చేతికి చేరినచో తీరును. వైకుంఠపాళి సంగతి చెప్పనక్కఱలేదు. ఎన్ని పాములు మ్రింగినను, ఎన్ని నిచ్చెనలెక్కినను, పటమునకు పైన పరమపదమను చోటొకటి యున్నది. అచ్చటికి చేరినవాడు గవ్వలు క్రిందపెట్టి లేచిపోవును. మన దేశపు పటమే ఇంగ్లండునకు పోయి అచ్చటి పిల్లల పాములు నిచ్చెనల యాట యయ్యెను. మన పచ్చీసే మాఱి 1896లో అచ్చట లూడో అను పేర పేటెంటు పొందెను. సముద్రము దాటినను ఆ యాటలు ముగియు గుణమును పోగొట్టుకొనలేదు.

ఈ గుణమును గూర్చి మేము తలంచుట 2014 అక్టోబరు 12వ తేదీ తరువాత మొదలయ్యెను. ఆ దినమున హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటెను. మా వైపునను స్తంభములు కూలినవి, చెఱకు నేలవాలినది, కరెంటు పోయెను, టవర్లు మూగవోయినవి. రెండవ నాటికి ఇంటిలోని ఫోనులన్నియు ప్రాణము విడిచినవి. అప్పటికి మేము రంగురంగుల బొమ్మలను మూడేసి చొప్పున జతపఱచెడి యొక యాటలో రెండు వందలు దాటిన మెట్టుమీద నుంటిమి. ఇరుగుపొరుగువారి పెంకులెగిరిపోయి, వారు వానలో గోనెసంచులు కప్పుకొని నిలిచియుండగా, మా మెట్టు సంగతి మాకు జ్ఞప్తికి వచ్చినదని వ్రాయుటకు సిగ్గగుచున్నది, కాని వచ్చినది.

ఆ సాయంకాలము మా నాయనమ్మ సుద్దముక్క తీసికొని గచ్చుమీద అయిదు గళ్లు అడ్డముగను, అయిదు నిలువుగను అష్టాచెమ్మా గీసెను. నాలుగు చింతపిక్కలను ఒకవైపు అరగదీసి గవ్వలకు మాఱుగా నుంచెను. ఇల్లు పాడైన పొరుగువారు మా వసారాలోనే యుండిరి. లాంతరు వెలుగున ఆఱు రాత్రులాడితిమి. ఆవిడ దొంగలెక్క వేయుటలో ఘనురాలు. పట్టుకొన్నచో కంటిచూపు తగ్గినదనెడిది. పొరుగింటి యిల్లాలు తన యింటి సంగతి మఱచి నవ్వుట ఆ గచ్చుమీదనే చూచితిమి. ఏడవనాడు కరెంటు వచ్చెను. మేము ఫోను తెఱచితిమి. ఇన్ని దినములు రాలేదు గనుక మీకు రావలసిన బహుమతి పోయినదని అది మాకు తెలియజేసెను. ఇల్లు నిలిచినదా యని యడుగలేదు.

ఇంతమాత్రమున క్రొత్త యాటలన్నియు చెడ్డవని మేమనము. 2020 వేసవిలో దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు మాకు దక్కిన సంతోషములలో నొకటి ఫోనులోని లూడోయే. మా అక్కగారు హైదరాబాదున చిక్కుకొనిరి. మా మేనమామ కువైటులో పని నిలిచిపోయి గదిలో కూర్చుండియుండెను. మా అమ్మ అంతవఱకు ఫోనులో పచ్చమీట, ఎఱ్ఱమీట తప్ప వేఱొకటి ముట్టి యెఱుగదు. ఆమె నాలుగు దినములలో పాచిక విసరుట నేర్చెను. ముంబయి ప్రాంతమువారు 2016లో వెలువరించిన లూడో కింగ్ అను యాట యది. ఆ వేసవిలో దానిని ఆడనివారు మా వీధిలో లేరు. ఇంటికి చేరుటకు ఒక్క గడి యుండగా తమ్ముని కాయను చంపి మా అమ్మ నవ్విన నవ్వునకు, సముద్రము అవతల మేనమామ "అక్కా, ఇది అన్యాయమే" అని మొఱపెట్టుట యింకను మా చెవులలో నున్నది. ఆ రాత్రులలో మేమెవ్వరమును రోగము మాట యెత్తలేదు.

ఒంటరిగా ఆడుకొనుటకును మంచి యాటలు కలవు. స్టార్‌డ్యూ వ్యాలీ అనునది యట్టిది. ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు నాలుగేండ్లకు పైగా ఒంటరిగా కూర్చుండి, బొమ్మలు, సంగీతము, కథ సమస్తమును తానే కూర్చి 2016లో దానిని వెలువరించెను. పాడుబడిన తాతగారి పొలమును మనుమడు బాగుచేసికొనుట అందలి కథ. సేద్యము మా యింటి పనియే గనుక మొదట నవ్వుకొంటిమి. పగలు కలుపు తీసి రాత్రియు కలుపు తీయుటయా యని. కాని అందులో నొక మర్యాద యున్నది. ఒకమాఱు వెలయిచ్చి కొన్నతరువాత అది మరల చేయిచాపదు. నెలదినములు దానివంక చూడకున్నను, మనమెచ్చట విడిచితిమో అచ్చటనే, అదే యుదయమున, పైరు మనకొఱకు ఆగియుండును. నిజముగా ఏ పైరు అట్లు ఆగదు. అందుకే దానిని ఆటయందుము.

వియత్నాము దేశస్థుడు డాంగ్ న్గుయెన్ సంగతి విన్నపుడు మాకు కలిగిన గౌరవమింతింతకాదు. ఆయన 2013లో ఫ్లాపీ బర్డ్ అను చిన్న పక్షియాటను చేసెను. మఱుసటి సంవత్సరము ఆరంభమున అది లోకమంతయు ప్రాకెను, ధనము కురిసెను. జనులు దానికి వశులగుచున్నారని మనసు నొచ్చి, 2014 ఫిబ్రవరిలో ఆయన తన యాటను తానే అంగడినుండి తీసివేసెను. వచ్చెడి ధనమును కాదని కొట్టు మూసికొన్న వర్తకుడు మా యూరి సంతలో మాకెన్నడును కనబడలేదు.

ఇక మా కోపములు. బరువు మాట ముందు చెప్పుదుము. 1985లో జపాను దేశమువారు చేసిన సూపర్ మారియో బ్రదర్స్ అను యాట మొత్తము 40 కిలోబైట్లు. 2018లో వెలువడి, మఱుసటియేడు కంప్యూటరునకు వచ్చిన రెడ్ డెడ్ రిడంప్షన్ 2 అను యాటకు 150 గిగాబైట్ల చోటు కావలెను. అనగా ఆ యొక్క యాట స్థలమున మారియో వంటివి 37 లక్షలకు పైగా పట్టును. ఆ గుఱ్ఱములును, మంచుకొండలును మిక్కిలి సుందరములని విన్నాము. ఫోను ఆటలు అంత పెద్దవి కాకున్నను, వాని ఆకలియు తక్కువది కాదు. మా అరగంట ఆరంభమగును, ఆట తెఱచుదుము, క్రొత్త భాగములు దిగుమతి యగుచున్నవి, వేచియుండుడనును. గీత నెమ్మదిగా ప్రాకుచుండును. అది చివరకు చేరులోపల మా కన్నులు మూతపడును. వారమున మూడు రాత్రులు మా యాట యిదియే.

గీత దాటినచో చేయి యెదురగును. తెల్లని చేయి యొకటి తెఱమీదికి వచ్చి ఇచ్చట నొక్కుమని చూపును. వేఱొకచోట నొక్కినచో ఏమియు జరుగదు. అది చూపినచోట నొక్కినంతనే అద్భుతమని పొగడి బంగారునాణెములు కురిపించును. ఏమి చేసితిమని ఈ పొగడ్త? అక్షరాభ్యాసమున గురువుగారు మా వ్రేలు పట్టుకొని బియ్యములో దిద్దించిరి గాని, దిద్దినంతనే మాకు శాలువ కప్పలేదు. తరువాత ప్రకటనలు. వానిలో నొక రాజు నీటిలో మునుగుచుండును, సూదులు లాగి రక్షింపవలెను. ముచ్చటపడి దించుకొన్నచో లోపల సూదియు లేదు, రాజును లేడు, ఆ రంగుబొమ్మల జతలే! ఇట్టి ప్రకటనలు రెంటిని 2020లో బ్రిటను దేశపు ప్రకటనల ప్రమాణసంస్థ తప్పుదారి పట్టించునవియని నిషేధించినట్లు చదివి, అంతదూరమున మా పక్షము వహించినవారున్నారని సంతోషించితిమి.

ప్రాణముల సంగతి చూడుడు. ఒక యాటలో ఐదు ప్రాణములిత్తురు. అవి తీరినచో ఒక్కొక్క ప్రాణము తిరిగి వచ్చుటకు ముప్పది నిమిషములు పట్టును, వేచియుండలేనివారు కొనుక్కొనవచ్చును. ముప్పది నిమిషములు! మాకున్న అరగంటయంతయు ఒక్క ప్రాణమునకై నిరీక్షించుటకే చెల్లినది. వైకుంఠపాళిలో పాము మ్రింగినచో క్రిందికి దిగితిమి, గవ్వలు మరల వేసితిమి; నిచ్చెన యెక్కుటకు పది రూపాయలని ఎవ్వరును పటముప్రక్కన కూర్చుండలేదు. ఇంకను మూతవేసిన పెట్టెలనమ్ముదురు. లోపలనున్నది తెలియదు, ధనమిచ్చి తెఱచి చూచుకొనవలెను. కొన్ని యాటలలోని ఈ పెట్టెలు జూదమేయని బెల్జియము దేశపు అధికారులు 2018లో తేల్చిరి. మన రాష్ట్రమున 2020లో పందెము కాసి యాడెడి ఆన్‌లైను రమ్మీ మొదలగువానిని నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుపందెపు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించుచు చట్టము చేసెను. మంచిదే. అయితే జూదమని పేరు పెట్టుకొన్నదానిని చూచి తలుపు వేసికొనుట సులభము. మమ్ము పట్టినది పందెము లేని యాట.

అది కూడ సేద్యపు ఆటయే, పేరు చెప్పము. 2021 చివర మొదలుపెట్టితిమి. రూపాయి యడుగలేదు. కాని ఇందలి పైరు మనకొఱకు ఆగునది కాదు. గడియారముతో పాటు పెరుగును, నీరందనిచో గడియారముతో పాటే వాడును. దినదినమును తప్పక వచ్చినవారికి వరుసలెక్క యొకటి పెరుగుచుండును. ఒక్కదినము తప్పినచో సున్న. మొదట అరగంటయే. పిదప తెల్లవారగానే ఒక చూపు, మధ్యాహ్నమొక చూపు, పెండ్లిపందిటిలో ఒక చూపు. మన పాఠశాలలోనే చదువుచున్న మా మేనల్లుడు "మావయ్యా, ఇది ఆటా, పనా?" అని యొకమాఱు అడిగెను. ఆటయేయని గద్దించితిమి. 2022 ఏప్రిలు నాటికి మా వరుసలెక్క 143 దినములు.

ఆ యేప్రిలున కరెంటు కొఱతగా నుండెను. సేద్యపు మోటారులకు వంతులవారీగా వచ్చుచుండగా, మా బోరునకు వంతు వేకువజామున పడెను. స్టార్టరు చెడియున్నందున ఎవరో యొకరు పోయి చేతితో మీట వేసి మడవలు మార్చవలెను. మా తండ్రిగారు మోకాళ్ల నొప్పితో నుండిరి. "రేపు నువ్వు వెళ్లరా, మొక్కచెఱకు ఎండిపోతంది" అని రాత్రి భోజనమువద్ద చెప్పిరి. అట్లేయంటిమి. మూడు గంటలకు ఫోను గంట మ్రోగెను. దానిని ఆపుటకు చేతిలోనికి తీసికొంటిమి. తెఱమీద ఆట గుర్తుపై ఎఱ్ఱచుక్క యున్నది. తెల్లవారకముందే నీరు పెట్టవలసిన చేలు తొమ్మిది. ఒక్క నిమిషము గదా యనుకొంటిమి.

తలయెత్తి చూచునప్పటికి తూర్పు తెల్లనైనది. మా తండ్రిగారి మంచము ఖాళీగా నుండెను. పరుగెత్తితిమి. ఆయన పంచె పైకి దోపి, పారమీద బరువు మోపి, కాలువగట్టుమీద నిలిచియుండిరి. కరెంటు అప్పుడే పోయినది. సగము చేను తడిసినది, సగము పొడిగా తెల్లబాఱియున్నది. మేమేమియు పలుకలేకపోతిమి. ఆయనయే మమ్ముజూచి, "ఏటిరా, నీ చేను తడిసిందా?" అని యడిగిరి.

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. అదియే మాకు కష్టమైనది. లేచి మంచము దాటి పోవుచు ఆయన మా భుజముమీదుగా తెఱను చూచిరి. పిల్లవాడు ఏదో పనిలో నున్నాడు, ఏదో తడుపుచున్నాడు, లేపనేల యనుకొని, నొప్పికాళ్లతో తామే నడచిపోయిరి. నిజముగానే ఆ చేను సంగతి తెలిసికొనగోరి అడిగిరి. తడిసినదని చెప్పితిమి.

ఆ రాత్రి మేము ఫోను ముట్టలేదని వ్రాయగలిగినచో బాగుండెడిది. ముట్టితిమి. 144వ దినము లెక్కలో వేయించుకొంటిమి. 143 దినములు పోగుచేసినదానిని ఒక్కనాటి సిగ్గుకొఱకు సున్న చేయుటకు మనసొప్పలేదు. ఈ లెక్క పెట్టినవారి తెలివియంతయు ఇచ్చటనే యున్నది. ఆటమీది ప్రీతి యెప్పుడో తీరిపోయినది. పోవునేమోయను భయము మాత్రము మిగిలినది. ఇంకను పదునెనిమిది దినములు అట్లే గడిపితిమి. అంతట 162వ నాడు తెఱమీద నోటీసు కనబడెను. ఆటను నడపుట తమకు లాభసాటిగా లేదట, నెలాఖరున మూసివేయుదురట, ఆదరించినందులకు కృతజ్ఞతలట. ఆ నెలాఖరు తరువాత తెఱచి చూడగా చేలు లేవు, గాదెలు లేవు, వరుసలెక్క లేదు. ఇది ముగింపు కాదు, అంగడి మూసివేత. పులిని కట్టి లేచుట వేఱు, ఆడుచుండగా రచ్చబండనే ఎత్తుకొనిపోవుట వేఱు.

ఇది మా యొక్కరి దుఃఖము కాదని పిదప తెలిసినది. 2014లో వెలువడిన ది క్రూ అను కారుపందెముల యాటకు 2024 మార్చి 31వ తేదీన సర్వర్లు ఆపివేసిరి. వెల యిచ్చి కొన్నవారికిని ఆట తెఱచుకొనలేదు. కొన్న వస్తువు అమ్మినవాని యిష్టముచొప్పున మాయమగుట న్యాయమా యని కొందఱు లేచిరి. ఐరోపాలో వారు నడిపిన అర్జీకి 2025 జులైలో సంతకములు పది లక్షలు దాటినవి. మా నాయనమ్మ అరగదీసిన చింతపిక్కలు ఇప్పటికిని మా పెట్టెలో నున్నవి. ఆవిడ లేరు, పిక్కలు ఆడుటకు సిద్ధముగానే యున్నవి.

ముగియని యాటయైనను నేర్పరి చేతిలో ముగియునని చూపినవాడొక బాలుడు. మాస్కోలో అలెక్సీ పజిట్నొవ్ 1984లో కల్పించిన టెట్రిస్ ఆటలో ఇటుకలు పైనుండి పడుచునే యుండును. ఆడువాడోడుటయే గాని గెలుచుట యుండదనుకొనెడివారు. 1989 నాటి నింటెండో యంత్రముమీద అమెరికాలో పదుమూడేండ్ల పిల్లవాడొకడు 2023 డిసెంబరున ఆడియాడి, ఆటనే కదలకుండ నిలిపివేసెను. యంత్రము చేతులెత్తినది. వాడు కుర్చీలో వెనుకకు వాలి ఊపిరి తీసికొనుట వీడియోలో చూచి, మా మేనల్లుడును మేమును చప్పట్లు కొట్టితిమి. మేము మూడవ మెట్టు దాటలేమన్నది వేఱు సంగతి.

ఇప్పటికిని రాత్రులయందు అరగంట ఆడుచునే యున్నాము. వరుసలెక్క గల యాటలను దించుకొనము. మొన్న వేసవిలో ఎవరో పులిజూదమును ఫోనులోనికి ఎక్కించియుండగా చూచి, మా తండ్రిగారి చేతికిచ్చితిమి. ఆయన కన్నద్దములు పెట్టుకొని, మేకల పక్షము వహించి, ఫోనుపులులను మూడుమాఱులు కట్టివేసిరి. నాలుగవ ఆట మొదలుపెట్టక ఫోను తిరిగి యిచ్చిరి. "దీనికి కోపం రాదేటిరా?" అనిరి. రాదంటిమి. అట్లయినచో ఎందుకని, మేనల్లునిచేత సుద్దముక్క తెప్పించి గచ్చుమీద గీతలు గీయించిరి. పులులకు గులకరాళ్లు, మేకలకు నాయనమ్మ చింతపిక్కలు. పులుల పక్షము మాది. ఒక మేకను తిన్నంతనే ఆయన మమ్ము తిట్టిన తిట్లు ఈ సంచికలో అచ్చువేయదగినవి కావు. మేనల్లుడు ఒకమాఱు తాతకును, ఒకమాఱు మాకును ఎత్తులు చెప్పుచు ఇద్దఱిచేతను తిట్లు తినుచుండెను.

ఇంతలో మోటారు వంతువేళ యయ్యెను. మేము లేచితిమి. ఎవ్వరును కదపవద్దని చెప్పి మా తండ్రిగారు గీతలమీద గంప బోర్లించిరి, కోళ్లు చెదరగొట్టకుండ. అప్పటికి రెండు పులులు కట్టుపడియున్నవి, ఎత్తు మేకలది.